పట్నం హాస్టళ్లలో పల్లె పిల్లల మనోవ్యథ పట్టించుకునేదెవరు?

దిల్‌సుఖ్‌నగర్: జూన్ మాసం వచ్చిందంటే ఎల్.బి. నగర్ చౌరస్తాలో ట్రంకుపెట్టెలు, చుట్టిన పరుపులు, ప్లాస్టిక్ బకెట్లు పట్టుకొని బస్సులు దిగే తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్లు కనిపించడం ఏటా మామూలే. ఇటు నాగార్జునసాగర్ రోడ్డు, అటు విజయవాడ జాతీయ రహదారి ఈ పరిసరాల్లోనే నగరంలో కలుస్తాయి. అందువల్ల దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నం, మునుగోడు, నల్లగొండ, సూర్యాపేట వైపు పల్లెల నుంచి పై చదువులకు వచ్చే పిల్లలు నగరంలో మొదట కాలు పెట్టేది ఇక్కడే. ఇక్కడి నుంచి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మలక్‌పేట దాకా రోడ్డుకు రెండువైపులా జూనియర్ కాలేజీల బోర్డులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, ప్రైవేటు హాస్టళ్ల బోర్డులు కనిపిస్తాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి. నగర్ మెట్రో రైలు మొదలైన తర్వాత ఈ ప్రాంతానికి రాకపోకలు మరింత సులువైనాయి.

పెట్టెలో ఎన్ని జతల బట్టలు పెట్టిందీ, ఎంత పచ్చడి కట్టి ఇచ్చిందీ తల్లికి తెలుసు. పిల్లవాడు మనసులో ఎంత బరువు మోసుకొని వచ్చాడో మాత్రం చాలా ఇళ్లలో తెలియడం లేదు. పదిహేను, పదహారు ఏళ్ల వయసులో ఇల్లు విడిచి వచ్చిన బిడ్డల మానసిక ఆరోగ్యం గురించి ఆలోచించే తీరిక తల్లిదండ్రులకుగాని, విద్యాసంస్థలకుగాని వుండడం లేదన్నది పలువురి ఆవేదన.

అప్పు తండ్రిది, బరువు బిడ్డది

ఈ ప్రాంతానికి వచ్చే పల్లె పిల్లలలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతుల బిడ్డలు, కూలి కుటుంబాల బిడ్డలు. ఒకరు ఎకరం అమ్మి ఫీజు కడతారు. మరొకరు పత్తి డబ్బు వస్తుందన్న ఆశతో మిత్తికి తెస్తారు. ఇంకొక ఇంట్లో తల్లి మెడలోని తులం బంగారం కుదువకు పోతుంది. ఇవన్నీ పిల్లలకు తెలియకుండా జరిగే పనులు కావు. “నాయన ఎట్ల కట్టిండో నాకు ఎరుక” అన్న మాట పిల్లల మనసులో నాటుకొని వుంటుంది.

కనుకనే కష్టం వచ్చినప్పుడు వారు నోరు విప్పరు. పాఠం అర్థం కాలేదని చెప్పరు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషులో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం వినవలసి వచ్చినప్పుడు మొదటి రెండు మూడు నెలలు ఏమీ తలకెక్కని పిల్లలు ఎందరో వుంటారు. ఊళ్లో ఫస్టు వచ్చినవాడు ఇక్కడ వారాంతపు పరీక్షలో చివరి వరుసలో వుంటాడు. ఆ మార్కుల పట్టిక గోడకు అంటిస్తే నలుగురిలో తల ఎత్తుకోలేడు. ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం “మంచిగనే వున్న నాయనా, ఏం బాధ లేదు” అంటాడు. తండ్రి తృప్తిపడి ఫోను పెట్టేస్తాడు.

ఆడపిల్లల పరిస్థితి మరికొంత భిన్నం. చదువు సాగకపోతే ఊరికి పిలిపించి పెండ్లి చేస్తారన్న భయం వారిని వెంటాడుతుంది. నెలసరి సమయంలో నొప్పి వచ్చినా, రక్తహీనతతో కళ్లు తిరిగినా క్లాసు పోతుందని చెప్పుకోక ఓర్చుకుంటారు. ఒంటి నొప్పిని దాచిపెట్టే అలవాటే క్రమంగా మనసు నొప్పిని కూడా దాచిపెట్టే అలవాటుగా మారుతుంది.

2019 వేసవి మిగిల్చిన పాఠం

ఈ మౌనం ఎంతటి అనర్థానికి దారి తీస్తుందో 2019 వేసవిలో తెలంగాణ అంతటా చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడినాయి. పరీక్షలు రాసిన 9 లక్షలమందికి పైగా విద్యార్థులలో 3 లక్షలమందికి పైగా తప్పినట్లు ప్రకటించారు. తరువాత కొద్ది రోజులలోనే రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో పొరపాట్లు దొర్లాయని తల్లిదండ్రులు ఇంటర్ బోర్డు ఎదుట ఆందోళనకు దిగారు. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులు రాగా సున్నాగా నమోదైన సంగతి అప్పుడే బయటపడింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, తప్పిన వారందరి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించవలసిందిగా ఆదేశించింది. ఆ పరిశీలనలో వెయ్యిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులైనట్లు తేలింది.

మార్కుల కాగితం మీద తప్పు దొర్లితే సరిదిద్దడానికి కొన్ని వారాలు పట్టింది. కాని ప్రాణం పోయిన ఇంట్లో సరిదిద్దడానికి ఏమీ మిగలలేదు. కాగితం మీద వచ్చిన అంకెను తిరిగి లెక్కించవచ్చునని, తిరిగి రాయవచ్చునని ఆ పిల్లలకు గట్టిగా చెప్పినవారు ఆ రోజున పక్కన వుండి వుంటే కొందరైనా బ్రతికి వుండేవారేమో.

ఇది ఆ ఒక్క ఏటి సమస్య కాదు. జూనియర్ కాలేజీ విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీని, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో చక్రపాణి కమిటీని నియమించాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యల పాలయ్యారు. అంటే సగటున రోజుకు 35 మందికి పైగా.

రేపటిని ఊహించలేని మనసు

పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వయసును వైద్యులు కౌమారం అంటున్నారు. ఈ వయసులోని ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలలో సుమారు 7 శాతం మందికి వైద్య సహాయం కావలసిన మానసిక ఇబ్బందులు వున్నట్లు తేలింది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. జ్వరం వచ్చినట్లే మనసుకూ జబ్బు వస్తుంది. సకాలంలో చూపిస్తే తగ్గుతుంది.

ఈ వయసు పిల్లల మెదడు ఇంకా ఎదుగుతూనే వుంటుంది. ముందుచూపు, తొందరపాటును అదుపులో పెట్టుకోవడం వంటి పనులు చూసే మెదడు ముందు భాగం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా పూర్తిగా పరిపక్వం కాదు. అందుకే పెద్దలకు చిన్నదిగా కనిపించే అపజయం వారికి కొండంతగా కనిపిస్తుంది. ఈ గండం గడిచిపోతుందన్న నమ్మకం అనుభవం మీద వచ్చేది. పదహారేళ్ల బిడ్డకు ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

భవిష్యత్తును ఊహించే శక్తికి, మనసు ఆరోగ్యానికి దగ్గరి సంబంధం వున్నదని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంగ్లండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ మెక్లౌడ్ 1990 దశకంలో చేసిన పరిశోధనలలో ఒక విశేషం బయటపడింది. ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించి బయటపడిన వారిని, మామూలు వారిని పిలిచి “రేపు, వచ్చే వారం, వచ్చే ఏడు మీకు ఏమేమి జరుగుతాయనుకుంటున్నారు?” అని అడిగారు. చెడు జరుగుతుందని చెప్పడంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మంచి జరుగుతుందని చెప్పడంలోనే తేడా వచ్చింది. మనసు చితికినవారు రాబోయే రోజులలో తాము ఎదురుచూసే మంచి సంగతులు చాలా తక్కువ చెప్పగలిగారు. అంటే భయం పెరగడం కంటే ఆశించడానికి ఏమీ మిగలకపోవడమే ఎక్కువ ప్రమాదకరమన్నమాట.

దీనిని మన పల్లెలకు అన్వయించుకుంటే సంగతి సులభంగా బోధపడుతుంది. పత్తి చేనులో కంది సాళ్లు వేసుకున్న రైతుకు పత్తి దెబ్బతిన్నా నాలుగు బస్తాల కందులు చేతికి వస్తాయి. ఉన్నదంతా ఒకే పంట మీద పెట్టినవాడికి ఆ పంట పోతే ఏడాదంతా శూన్యమే. మనం బిడ్డల భవిష్యత్తును ఒకే పంటగా వేస్తున్నాం. డాక్టరో, ఇంజనీరో కావాలి, లేకపోతే ఏమీ లేదు అన్నట్లు పెంచుతున్నాం. ఆ ఒక్క ర్యాంకు రాకపోతే బిడ్డకు రేపు అనేదే కనిపించకుండా పోతున్నది.

సీట్లు ఎన్ని? పోటీ ఎంత?

తల్లిదండ్రులు ముందుగా ఈ లెక్క తెలుసుకోవడం మంచిది. 2024లో వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను దేశవ్యాప్తంగా 23 లక్షలమందికి పైగా రాశారు. దేశమంతటా వున్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. అందులోనూ సుమారు సగం ప్రైవేటు కళాశాలలవి. అదే ఏడాది ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి బి.టెక్. మొదలైన కోర్సులకు వున్న సీట్లు పదిహేడు వేల చిల్లర. అంటే ఎంత శ్రద్ధగా చదివినా ఎక్కువమందికి ఆ సీట్లు రావడం అంకెల రీత్యానే అసాధ్యం. సీటు రానంత మాత్రాన బిడ్డ చెడిపోయినట్లు కాదు. పోటీ అటువంటిది.

మిగిలిన దారులు ఎన్నో వున్నాయి. ఇంటర్‌లో ఒకటి రెండు పేపర్లు పోయినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. అందులో గట్టెక్కితే సంవత్సరం వృథా కాదు. రెగ్యులర్‌గా చదవలేనివారికి తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం వున్నది. పదవ తరగతి తర్వాత పాలిసెట్ ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరవచ్చు. డిప్లొమా పూర్తయినవారు ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే వీలు కూడా వున్నది. ఐ.టి.ఐ.లు, వ్యవసాయ డిప్లొమాలు, నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు సరేసరి. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. డిగ్రీ చదివి ఉపాధ్యాయులైనవారు, బ్యాంకు ఉద్యోగులైనవారు, పోలీసు శాఖలో చేరినవారు ప్రతి మండలంలోనూ వున్నారు.

ఈ దారులను ఓడిపోయిన తర్వాత చూపిస్తే ఓదార్పు మాటలుగానే తోస్తాయి. కాలేజీలో చేర్చే ముందే చెబితే ధైర్యంగా పనిచేస్తాయి. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పేద కుటుంబాల పిల్లలు చదివే పాఠశాలల్లో డాఫ్నా ఓయ్‌సర్మన్ అనే పరిశోధకురాలు ఇటువంటి ప్రయత్నమే చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలు తాము ఎటువంటివారు కావాలనుకుంటున్నారో ఊహించుకోవడం, అందుకు వచ్చే ఏడు ఏమి చేయాలో రాసుకోవడం, నడుమ ఏయే అడ్డంకులు వస్తాయో ముందే గుర్తించి వాటిని దాటే దారి వెతుక్కోవడం ఈ శిక్షణలోని ముఖ్యాంశాలు. కష్టం రావడం ఓటమికి గుర్తు కాదని, దారిలో అది మామూలేనని వారికి నేర్పారు. ఆ పిల్లలలో చదువుమీద శ్రద్ధ పెరిగింది, దిగులు తగ్గింది.

ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక తెల్ల కాగితం చాలు. ఈ వారం ఏమి చేస్తాను, ఈ ఏడు ఏమి చేస్తాను, అయిదేళ్లకు ఎక్కడ వుంటాను అని మూడు గడులు గీసి బిడ్డతో రాయించవచ్చు. ప్రతి గడి కింద “ఇది కాకపోతే?” అని ఒక ప్రశ్న వేసి, దానికి జవాబు కూడా బిడ్డ చేతనే రాయించాలి. తండ్రికి చదువు రాకపోయినా బిడ్డ చదివి వినిపిస్తే వినవచ్చు.

నిద్ర లేని చదువు

చాలా హాస్టళ్లలో తెల్లవారుజామునే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా చదివించడం గొప్పగా చెప్పుకుంటారు. పిల్లవాడు ఎన్ని గంటలు పుస్తకం ముందు కూర్చుంటే అంత మంచిదని తల్లిదండ్రులూ సంతోషిస్తారు. కాని 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర నిపుణులు చెబుతున్నారు. యుక్తవయసు రాగానే శరీరంలో నిద్ర తెచ్చే రసం ఆలస్యంగా ఊరుతుంది. కనుక ఈ వయసు పిల్లలకు పెందలాడే నిద్ర పట్టదు, పెందలాడే మెలకువా రాదు. అది సోమరితనం కాదు, శరీర ధర్మం. పగలు చదివింది మెదడులో నిలిచేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడమంటే కల్లంలో వడ్లు పోసి తూర్పారబట్టకుండా వదిలేయడం వంటిది.

తన ఒంటిని, మనసును తానే కనిపెట్టుకోవడం కూడా చదువులో భాగమేనని పిల్లలకు చెప్పాలి. వేళకు తినడం, రోజూ ఒక గంట ఆడడమో నడవడమో చేయడం, పడుకోబోయే ముందు సెల్‌ఫోను పక్కన పెట్టడం, వారానికి ఒకరోజు పుస్తకం మూసి ఇష్టమైన పని చేయడం, మనసు విప్పి మాట్లాడడానికి ఒక్క స్నేహితుడినైనా వుంచుకోవడం. ఇవి విలాసాలు కావు. ఎద్దుకు కూడా మధ్యాహ్నం అరక విప్పి నీళ్లు పెట్టి నీడన కట్టేస్తాడు రైతు. బిడ్డకు ఆ మాత్రం విశ్రాంతి వద్దా?

ఏ గుర్తులు చూడాలి?

కొన్ని మార్పులు రెండు వారాలకు మించి కనిపిస్తే ఉపేక్షించరాదని మానసిక వైద్యులు హెచ్చరిస్తున్నారు. తిండి బాగా తగ్గడం లేదా ఒక్కసారిగా పెరగడం, నిద్ర పట్టకపోవడం లేదా పగలంతా పడుకోవడం, స్నేహితులకు దూరంగా వుండడం, ఊరికే చిరాకు పడడం, కారణం లేకుండా ఏడవడం, తరచూ తలనొప్పి, కడుపునొప్పి అనడం, స్నానం, బట్టలు పట్టించుకోకపోవడం, ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేయడం వంటివి ఆ గుర్తులు. “నేను మీకు బరువయ్యాను”, “నేను లేకపోతే మీకు బాధ వుండదు” వంటి మాటలు వచ్చినా, తనకు ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా ఆ రోజే బయలుదేరి బిడ్డ దగ్గరికి వెళ్లాలి. ఫీజు సంగతి, పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చావు ఆలోచన వస్తున్నదా అని నోరు తెరిచి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదు. ప్రేమతో నేరుగా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదని, పైపెచ్చు గుండెల్లోని బరువు దిగుతుందని వైద్యులు చెబుతున్నారు. అడిగిన తర్వాత ఉపన్యాసం ఇవ్వకుండా వినాలి. “పక్కింటివాడు చదవడం లేదా?” అని పోల్చకూడదు. అటువంటి ఆలోచన వున్నదని బిడ్డ ఒప్పుకుంటే ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఎక్కడ చూపించాలి?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ అనే ఫోను సహాయాన్ని ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రి పగలు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డే చేయవచ్చు, తల్లిదండ్రులు చేయవచ్చు, హాస్టలులో పక్క మంచం స్నేహితుడు కూడా చేయవచ్చు. ఈ నంబరును పెట్టె మూత లోపల రాసి పంపించడం మంచిది. ఆపదలో వున్న పిల్లలకు 1098 నంబరు కూడా వున్నది.

నేరుగా వైద్యుని చూడదలచినవారు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లవచ్చు. ఎల్.బి. నగర్‌లోగాని, దిల్‌సుఖ్‌నగర్‌లోగాని మియాపూర్ వైపు మెట్రో రైలు ఎక్కితే మారకుండా ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగవచ్చు. ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని సిగ్గుపడే కాలం పోవాలి. అంతదూరం వెళ్లదలచుకోనివారికి ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు వున్నాయి. జిల్లా వాసులు దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో విచారించవచ్చు. నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం కూడా ఒక అంశం. ఊళ్లోని ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎం.ను అడిగితే వివరాలు తెలుస్తాయి.

పోలీసు కేసు అవుతుందని భయపడి ఆత్మహత్యా ప్రయత్నాన్ని దాచిపెట్టి, వైద్యం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులో వున్నది. ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నట్లే భావించాలని, శిక్షించరాదని, సంరక్షణ కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని ఆ చట్టం చెబుతున్నది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను చేర్చలేదు. కనుక ఆ భయం అనవసరం.

చేర్చేటప్పుడు అడగవలసినవి

కాలేజీలో, కోచింగ్ సెంటర్‌లో చేర్చేటప్పుడు ర్యాంకులు ఎన్ని వచ్చాయని అడిగే తల్లిదండ్రులు మరికొన్ని ప్రశ్నలు కూడా అడగడం నేర్చుకోవాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో హాస్టలులో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశంలోని విద్యాసంస్థలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లన్నీ పాటించవలసిన 15 మార్గదర్శకాలను అందులో నిర్దేశించింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సిలరు వుండాలి. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదు. నలుగురిలో అవమానపరచరాదు. సహాయ ఫోను నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదులలో అందరికీ కనిపించేటట్లు రాయాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలి. వీటి అమలును చూసేందుకు కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఏర్పాటు కావాలని కూడా కోర్టు ఆదేశించింది.

అంతకుముందు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల విషయమై రాష్ట్రాలకు మార్గదర్శక సూత్రాలు పంపింది. పదహారేళ్ల లోపువారిని చేర్చుకోరాదని, రోజుకు 5 గంటలకు మించి తరగతులు జరపరాదని, వారానికి ఒకరోజు సెలవు ఇచ్చి, ఆ మరునాడు పరీక్ష పెట్టరాదని అందులో వున్నది. ఫీజు మొత్తం కట్టిన విద్యార్థి మధ్యలో మానివేస్తే మిగిలిన కాలానికి కోర్సు ఫీజు, హాస్టలు ఫీజు లెక్కకట్టి పది రోజులలో తిరిగి ఇవ్వాలన్నది కూడా అందులోని సూత్రమే. ఫీజు పోతుందన్న భయంతో బిడ్డను బలవంతాన కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవలసి వున్నది.

కౌన్సిలరు ఎక్కడ కూర్చుంటారు? వారానికి ఎన్నిసార్లు వస్తారు? సెలవు ఏ రోజు? రాత్రి దీపాలు ఎప్పుడు ఆర్పుతారు? బిడ్డకు ఒంట్లో బాగా లేకపోతే ఎంతసేపట్లో మాకు ఫోను చేస్తారు? ఈ అయిదు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని చోట పెట్టె దించకపోవడమే మేలు.

ఊరి బాధ్యత

దోషమంతా విద్యాసంస్థల మీద నెట్టి చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. ర్యాంకు వచ్చిన పిల్లవాడి బొమ్మతో బస్టాండులో ఫ్లెక్సీ కడుతున్న ఊళ్లు, రానివాడు పెట్టె పట్టుకొని దిగినప్పుడు అతనితో ఎట్లా మాట్లాడుతున్నాయో ఆలోచించుకోవాలి. “ఎన్ని మార్కులొచ్చినయ్?” అని వాడకట్టంతా అడిగితే ఆ బిడ్డ గడప దాటి బయటికి రాలేడు. ఫలితాలు వెలువడే వారంలో గ్రామ పంచాయతీ, యువజన సంఘం, ఉపాధ్యాయులు కలిసి తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లి నాలుగు మాటలు చెప్పి, సప్లిమెంటరీ ఫీజు కట్టే గడువు, దరఖాస్తు విధానం తెలియజేస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఇంటర్ తప్పి, మళ్లీ రాసి, నేడు నలుగురికి అన్నం పెడుతున్నవారు ప్రతి ఊళ్లోనూ వుంటారు. వారిని ఆ ఇళ్లకు తీసుకుపోతే అంతకు మించిన కౌన్సిలరు మరొకరు వుండరు.

దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖమని అర్థం. ఆ పేరుగల చోటికి వేలమంది బిడ్డలను పంపుతున్న జిల్లా ప్రజలు వారి మనసు సంగతి కూడా చూసుకోవాలి. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టి, “రాత్రి నిద్ర పట్టిందా బిడ్డా? కడుపు నిండ తిన్నవా? ఎవరితో మాట్లాడుతున్నవు?” అని ముందుగా అడగాలి. “సీటు వచ్చినా, రాకపోయినా మన ఇల్లు నీదే” అన్న మాట ఒక్కసారి కాదు, బిడ్డ నమ్మేదాకా చెబుతూ వుండాలి. అధికారులు హాస్టళ్లను తనిఖీ చేసి, కోర్టు చెప్పిన కౌన్సిలర్లు నిజంగా పనిచేస్తున్నదీ లేనిదీ విచారించవలసిన అవసరం ఎంతైనా వున్నది.